ఖాళీ అన్న తుపాకి

రాయపూర్ పక్కన ఆరంగ్ దగ్గర మాకున్న రెండెకరాల వరిని ఏటా అడవి పందులు తొక్కేస్తుంటే, లైసెన్సు తెచ్చుకుని ఆ ఊరి ముసలి రైతు దగ్గర పాత తుపాకి కొన్నాను. గొట్టం మూతిలోంచి మందు, గుళ్లు పోసి కడ్డీతో కూరి పేల్చే రకం. అంతకుముందు నేను తుపాకి ముట్టుకున్నవాణ్ణి కాదు. "ఖాలీ హై బాబూ, లే జావ్" అన్నాడతను, ఖాళీదే, తీసుకుపొమ్మని. నమ్మాను.

గోనెసంచి చుట్టి, మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని రాయపూర్ బస్సెక్కాను. పక్కన నా భార్య. ఆమెకప్పుడు ఏడో నెల. దారంతా ఆ గొట్టం మూతికే తల ఆనించి నిద్రపోయింది.

మేముండే రైల్వే క్వార్టర్‌కు చేరాక, ఒకప్పుడు ఊళ్లో వేటకు తిరిగిన మా నాన్న కడ్డీని గొట్టంలోకి దించి చూశాడు. అడుగుదాకా వెళ్లాల్సిన కడ్డీ జానెడు బయటే ఆగిపోయింది.

"ఒరే, ఇందులో మందుందిరా! కోడల్ని తీసుకుని పెరట్లోకి పో!"

నేను కదల్లేకపోయాను. ఆయన గొట్టాన్ని గోడవైపు తిప్పి, ట్రిగ్గర్ నొక్కితే పడే సుత్తిని మెల్లగా ఎత్తాడు. దాని కింద నిప్పు పుట్టించే రాగి టోపీ కూడా ఉంది. చిన్న దెబ్బ చాలు, పేలిపోయేది. బస్సు పడిన గుంతలన్నీ గుర్తొచ్చాయి.

"ఏమైందండీ?" అంది నా భార్య లోపలినుంచి.

నాన్న టోపీ తీసేసి, గొట్టం నిండా నీళ్లు పోశాడు. మర్నాడు తుపాకులు బాగుచేసే మిస్త్రీ తడిసిన మందునూ గుళ్లనూ బయటికి లాగాడు.

పాప పుట్టాకే ఆమెకు చెప్పాను. "అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అంది. నోరు పెగల్లేదన్నాను.