ముందుగా నేలకి తగిలిన వీపు

ఆ రోజుల్లో కుర్రవాడన్నాక ఏదో ఒక పిచ్చి ఉండేది. నాకు రెండుండేవి, లెక్కలు ఒకటి, జూడో ఒకటి. లెక్కల వల్ల ఇప్పటికీ అన్నం తింటున్నాను. జూడో వల్ల పోయినవి కూడి చూస్తే ఇలా తేలుతుంది: చొక్కా గుండీలు పదకొండు, పై వరుసలో సగం పన్ను, మోకాళ్ళ దగ్గర చిరిగిన ప్యాంట్లు రెండు, అద్దం పగిలిన చేతి గడియారం ఒకటి, చివరగా ఒక పోలీసు ఉద్యోగం. (మా మావయ్య దగ్గర నాకున్న పరువు కూడా పోయింది గానీ, దానికి కొలత లేదు కాబట్టి కూడికలో వెయ్యలేదు.)

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. విజయనగరం శివార్లలో ఒక బియ్యం మిల్లులో కాటా దగ్గర పని. లెక్కలు బడిలో కన్నా అక్కడే ఎక్కువ నేర్చుకున్నాను. మిల్లు వెనక ఖాళీ షెడ్డులో, మిలటరీ నుంచి రిటైరై వచ్చిన మాస్టారొకాయన సాయంత్రాలు జూడో నేర్పేవారు. పరుపులు కొనే స్తోమతు ఎవరికీ లేదు కాబట్టి గోనె సంచుల్లో ఊక నింపి, కుట్టి, పరిచాం. నేర్చుకునేవాళ్ళం ఆరుగురం. జిల్లా సంఘంలో పదవులు తొమ్మిది. అంటే ఆటగాడొక్కడికి ఒకటిన్నర నాయకుడు. ఆట మీద ప్రేమతో వస్తున్నామని అందరికీ చెప్పేవాళ్ళం గానీ, మా అసలు ప్రేమ ఒక సర్టిఫికెట్ మీద. రాష్ట్ర పోటీలకి వెళ్ళొచ్చినవాడికి అది ఇస్తారు, అది ఉన్నవాడిని క్రీడల కోటాలో కానిస్టేబుల్‌గా తీసుకుంటారు. ఈసారి జిల్లా నుంచి ఒక్క ఆటగాడినే పంపగలమని సంఘం తీర్మానించింది. మిగతా రైలు టిక్కెట్లు పెద్దలకి కావాలి మరి.

ఆ ఒక్క టిక్కెట్టుకి నాకు పోటీ మా మావయ్య కొడుకే. వందకిలోల బస్తాని ఒక్కడే వీపు మీద వేసుకుని నడిచేవాడు కాబట్టి ఊళ్ళో అందరికీ బస్తా బావ. అతను ఎనభై ఆరు కిలోలు, నేను నలభై తొమ్మిది. (ఇద్దరం మిల్లు కాటా మీదే తూగాం, తేడా ఉండదు.) బరువుని బట్టి విడివిడిగా పోటీలు పెట్టాలని మాస్టారు చెప్పారు. ఆరుగురిని ఏడు బరువు తరగతులకి ఎలా పంచాలో తేలక సంఘం అందరినీ ఒకే గాటన కట్టేసింది.

"నీ బరువుతో బావని నిలబడి ఎత్తలేవురా. నువ్వు ముందు పడిపో. ఆడే నీ ఎనకాల వస్తాడు," అన్నారు మాస్టారు. అదొక పట్టు. ఎదుటివాడి కాలరు పట్టుకుని, కడుపులో పాదం పెట్టి, మనం వెల్లకిలా దొర్లిపోతే వాడు మన మీంచి ఎగిరి అవతల పడతాడు. దానికొక జపాను పేరుంది గానీ ఎవరికీ నోరు తిరగక 'పడి పడెయ్యడం' అనేవాళ్ళం. నాకు మొదటి సగం వెంటనే వచ్చేసింది. రెండో సగానికి నెలలు పట్టింది. పాదం బొడ్డుకి ఎంత పైన ఉండాలి, మోకాలు ఎంత వంగాలి అని నేను మనసులో లెక్క కట్టుకుంటూ ఉండగానే ఎనభై ఆరు కిలోలూ వచ్చి నా ఛాతీ మీద దిగేవి.

"ఒరే, నన్ను పడీడం కాదురా ఇది, మీద పడుకోబెట్టుకోడం," అనేవాడు బావ, లేవకుండానే.

"లెక్కలు తర్వాత కట్టరా గుంటడా! నువ్వు పడతన్నావా, కూకుంటన్నావా? భయపడతా పడితే ఏటి లాభం? నిజంగా పడు," అనేవారు మాస్టారు. కాటా దగ్గర ఒక్క గింజ ఎక్కువ పోనివ్వనివాడికి, ఒళ్ళంతా ఒక్కసారి వదిలెయ్యమంటే ఎలా కుదురుతుంది?

ఎంపిక పోటీ రోజున ఊరు సగం షెడ్డులోనే ఉంది. రిఫరీగా సంఘం ఉపాధ్యక్షుడు దిగాడు. ఆయన్ని పహిల్వాన్ తాత అనేవాళ్ళం. జీవితమంతా జాతరల్లో కుస్తీలకి తీర్పు చెప్పినవాడు, జూడో చూడటం అదే మొదలు. ఆఖరి పట్టు నాకూ బావకీ. బావ నన్ను తోసుకుంటూ గోడ దాకా తెచ్చాడు. ఇక లెక్క కట్టడానికి చోటు లేదు. కాలరు పట్టుకున్నాను, పాదం పెట్టాను, పడిపోయాను. నిజంగా పడ్డాను. నా మీద ఒక్క క్షణం చీకటి పడింది, మళ్ళీ వెలుగొచ్చింది. వెనకాల ఊక సంచి పేలిన చప్పుడు. తిరిగి చూస్తే బావ వెల్లకిలా, రేకుల కప్పు చూస్తూ, "ఏటయ్యింది?" అంటున్నాడు.

ఈల మాత్రం ఆ చప్పుడు కన్నా ముందే వినబడింది. నా వీపు సంచికి తగలగానే తాత ఊదేశాడు. "అయిపోనాది. సిత్తు. గెలిసినోడు బస్తా!"

"తాతా, నేను ఆణ్ణి పడేశాను కదా!"

"ఎవుడి ఈపు ముందు తగిలిందిరా?"

"నాదే. కానీ..."

"మరి ఇంకేటి?"

మాస్టారు అడ్డొచ్చి, "అయ్యా, ఆడు కావాలనే పడ్డాడండి. అదే పట్టు," అన్నారు.

"కావాలని పడినోడికి గెలుపిచ్చీస్తే, రేపట్నుంచి ఊరంతా కావాలనే పడతాది!" అన్నాడు తాత. చూసేవాళ్ళు చప్పట్లు కొట్టారు. పుట్టినప్పట్నుంచి కుస్తీలు చూసినవాళ్ళు, వీపు నేలకి అంటుకున్నవాడు గెలవడం ఎక్కడా ఎరగరు. మాస్టారు పట్టుబడితే సంఘం చేతులెత్తి ఓటేసింది. తాత వైపు ఎనిమిది. తొమ్మిదో ఆయన సోడా తాగుతున్నాడు. మా మావయ్య అందరూ వినేలా, "మా అల్లుడు లెక్కలు బాగా సేస్తాడు గానీ, నిలబడ్డం రాదు," అన్నాడు. గెలిచినవాడి చెయ్యి పైకెత్తాలంటే ముందు వాణ్ణి లేపాలి, అందుకు ముగ్గురు కావలసి వచ్చారు. (నేనొకణ్ణి.)

బావ రాష్ట్ర పోటీలకి వెళ్ళి మొదటి ఆటలోనే ఓడి వచ్చాడు. సర్టిఫికెట్ మాత్రం తెచ్చాడు, ఉద్యోగం కొట్టాడు. ఇప్పుడు హెడ్ కానిస్టేబుల్. మొన్నామధ్య భోగాపురం ఎయిర్‌పోర్టు రోడ్డు మీద బందోబస్తులో ఉండి, నా స్కూటరు ఆపించాడు. పక్కన ఇద్దరు కొత్త కానిస్టేబుళ్ళు.

"ఈడు మా బావరా," అని నన్ను చూపించాడు. "నా జన్మలో నన్ను గాల్లోకి లేపి పడీసినోడు ఈడొక్కడే."

ఆ కుర్రాళ్ళు నా కళ్ళజోడునీ పొట్టనీ చూసి నమ్మలేక, "అయితే ఆ దినం గెలిసింది ఈ సారేనాండి?" అన్నారు.

"కాదురా," అన్నాడు బావ, ఏమాత్రం తడుముకోకుండా. "నానే."

ముగ్గురూ నవ్వారు, నేనూ నవ్వాను. స్కూటరు స్టార్టు చేస్తూ, చీకటీ వెలుగూ మధ్య ఆ ఒక్క క్షణం వెనకాముందు చూసుకోకుండా పడిపోయిన నలభై తొమ్మిది కిలోల కుర్రవాడు గుర్తొచ్చి, వాడంటే కొంచెం ముచ్చటేసింది. ఆ తర్వాత వాడంత నిశ్చింతగా నేను దేనిలోనూ పడలేదు. పట్టు శుభ్రంగా పడితే జూడోలో పూర్తి పాయింటు ఇవ్వాలి. వాడికి రావలసింది, ఇవాళ్టి వరకు, ఒకటి.