తుపాకీని కళ్ళకద్దుకున్నాను

ఈ రోజు మా అల్లుడు నన్ను తుపాకుల కొట్టుకి తీసుకెళ్ళాడు. వెనక వీధిలో దొంగలు పడ్డారట, అందుకని ఇంట్లో ఒకటి ఉండాలంటాడు. అమెరికాలో, ఈ కాపెల్ ఊళ్ళో అది కూరగాయలు కొన్నంత తేలిక.

అద్దాల బల్ల మీద రెండు చిన్న పిస్తోళ్ళు పెట్టారు. నల్లటి ప్లాస్టిక్ ఒళ్ళు, అచ్చం కవలపిల్లలు. అల్లుడు ఫోనులో రివ్యూలు చదివి చదివి తేల్చుకోలేకపోయాడు. నలభై ఏళ్ళు ఉలి పట్టిన చెయ్యి నాది. "ఇటివ్వు అల్లుడూ, పిడి పట్టుకుంటే చెప్పేస్తాను" అన్నాను.

మొదటిది తీసుకుని, పనిముట్టే కదా అని అలవాటుగా కళ్ళకద్దుకున్నాను.

కొట్టులో ఉన్నవాళ్ళంతా చప్పున వెనక్కి జరిగారు. కొట్టువాడి చెయ్యి తన నడుముకున్న తుపాకీ దగ్గరికి పోయింది. గొట్టం చివర నల్లటి చిల్లు నా కంటికి ఎదురుగా ఉంది. తూటాలు లేవని తెలుసు. అయినా అది నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

"మామయ్యా, మెల్లగా కింద పెట్టండి, ప్లీజ్."

పెట్టాను. కాసేపటికి "ఏది బాగుంది?" అన్నాడు.

"రెండూ వద్దు. మన బుజ్జి ఏది చేతికొచ్చినా కళ్ళకద్దుకుంటుంది. నేర్పింది నేనే."

అల్లుడు జేబులోంచి కారు తాళాలు తీశాడు. ఇంటికొచ్చేసరికి నా మనవరాలు, నాలుగేళ్ళ బుజ్జి, టీవీ రిమోట్‌ని కళ్ళకద్దుకుంటూ నవ్వుతూ ఎదురొచ్చింది.

ఈ వయసులో పనిముట్టుకి భయపడ్డానని నవ్వాలనుంటే నవ్వండి. ముందు మీ ఇంట్లో తుపాకీ ఉంటే అది ఎక్కడుందో, పిల్లలు ఎక్కడున్నారో చూసొచ్చి చెప్పండి.