వెనక చక్రంలో రెండో టైరు

మా బావ బండి వెనక చక్రం గురించి నేను ఊళ్ళో చెప్పినవాటిలో నిజాలు తక్కువ. అది గుంటలో దిగితే లాగడానికొచ్చిన ట్రాక్టరే ముందు చక్రాలెత్తి నిలబడిందని ఒకసారి చెప్పాను. టీ కొట్టు దగ్గర నలుగురూ నవ్వేసరికి ఆగలేక, దాన్ని కాటా మీద పెడితే ముల్లు గిర్రున తిరిగి మళ్ళీ సున్నా దగ్గరికే వచ్చిందన్నాను. ఇప్పుడు చెప్పేది మాత్రం జరిగింది జరిగినట్టే చెబుతాను. ఇందులో కల్పించాల్సిందంతా అప్పుడే బావ ముందు కల్పించేశాను.

బావంటే మా అక్క భర్త. విస్సన్నపేట దగ్గర వాళ్ళకు మామిడి తోట ఉంది. ఎక్కువ చిన్న రసాలే, గట్టు వెంట కొన్ని బంగినపల్లి చెట్లు. నాది నూజివీడులో మోటారు సైకిళ్ళ స్పేర్ పార్టుల షాపు. ఆయన బండి పాతకాలపు మూడొందల యాభై సీసీది, నాకు మీసాలు రాకముందు కొన్నది. దాని వెనక చక్రంలో ఆయన చేసుకున్న ఏర్పాటొకటి ఉండేది. తోట చుట్టూ తుమ్మకంప. దారికడ్డంగా ఉన్న కంప జరిపి బండి బయటికి తీసిన ప్రతిసారీ ఏదో ఒక ముల్లు టైరులో దిగేది. అందుకని అరిగిన టైరొకటి తీసుకుని, అంచులు కోసేసి, మంచి టైరు లోపల అస్తరులా తొడిగి, దాని లోపల ట్యూబు పెట్టేవాడు. ఎంత పొడవాటి ముల్లయినా ఆ రెండూ దాటి ట్యూబు దాకా వచ్చేది కాదు. లోపలి టైరును ఎవరి చేతా కోయించేవాడు కాదు. కత్తిని నీళ్ళలో ముంచుకుంటూ, పళ్ళు బిగించి తనే కోసుకునేవాడు.

ఏటా తొలి కోతలో మొదటి గంప మార్కెట్టుకు వెళ్ళదు. మైలవరంలో వియ్యాలవారింటికి వెళుతుంది. దాన్ని ఆ బండి వెనక కట్టుకుని బావే తీసుకెళ్ళాలి. ఆటోలో వేసి పంపిస్తే పళ్ళు వెళ్ళినట్టే గానీ తాను వెళ్ళినట్టు కాదంటాడు.

అరవై దాటాక బండికి స్టాండు వేయడం ఆయనకు కష్టమైంది. ఒక వేసవిలో, కోతలు మొదలవబోతుండగా షాపుకొచ్చాడు.

"ఒరే బామ్మర్దీ, వెనక చక్రం కాస్త తేలిక చెయ్యగలవా? స్టాండేస్తుంటే నడుం పట్టేస్తోంది. మీ అక్కేమో దీన్ని తీసేసి స్కూటీ కొనుక్కోమంటోంది."

"స్కూటీ మీద నువ్వా? గంపెక్కడ పెడతావ్ బావా, ఒళ్ళోనా?"

"అందుకేగా నీ దగ్గరికొచ్చింది."

"బండి వదిలేసి వెళ్ళు. అల్యూమినియం రిమ్ము వేయిస్తా. మా అక్క వాకిలి ఊడుస్తుంటే చీపురు తగిలి పక్కకి జరిగిపోవాలి."

"నీ కోతలు తర్వాత. లోపలి టైరు జోలికి మాత్రం వెళ్ళకు. అదుందన్న ధైర్యంతోనే నేను తిరిగేది."

"నీ టైరు నాకెందుకు బావా?"

ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను. ఆ రోజే రిమ్ముకు ఆర్డరు పెట్టాను. వచ్చాక విప్పి చూస్తే ఊచలకు ముప్పయ్యారు రంధ్రాలే ఉన్నాయి. బావ బండి చక్రం మధ్యలో ఉండే హబ్బుకు నలభై ఊచలు. వాపసు పంపి ఇంకోటి తెప్పించాలంటే ఎంత లేదన్నా మూడు వారాలు. తొలి కోత నాలుగు రోజుల్లో ఉంది. పైగా టీ కొట్టు దగ్గర నేను అప్పటికే చెప్పేశాను, చక్రం గాలికి ఎగిరిపోకుండా రాయి కట్టి ఉంచానని.

చక్రం విప్పి, లోపలి టైరు లాగేశాను. పాత ఇనప రిమ్మును ఉప్పుకాగితంతో రుద్ది వెండి రంగు పెయింటు కొట్టాను. ఎత్తి చూస్తే నిజంగానే తేడా తెలిసింది. ఇప్పుడన్నీ తారు రోడ్లేగా, ముళ్ళెక్కడివి అనుకున్నాను. కోతలయ్యాక చడీచప్పుడు లేకుండా మళ్ళీ పెట్టేద్దామనుకున్నాను. అలా అనుకున్నవాణ్ణి ఆ టైరును దాచి ఉంచాలి కదా. వారం తిరక్కుండా పాత సామాన్ల బండికి వేసేశాను.

బావ వచ్చి ఒక్క ఊపులో స్టాండు వేశాడు. నా వైపు తిరిగినప్పుడు ఆయన ముఖం పెళ్ళినాటి ఫొటోలోలా ఉంది.

"అబ్బో! అల్యూమినియానికి ఇంత తేడానా?"

"నలభై రంధ్రాలూ నేనే కూర్చుని వేశా బావా. చూడు, వేళ్ళు ఎలా కాయలు కాశాయో."

"ఏడిశావులే. లోపలి టైరుందిగా?"

"ఉంది."

అందులో ట్రాక్టరు లేదు, కాటా లేదు. నేను చెప్పినవాటిలో అంత పొట్టి అబద్ధం ఇంకోటి లేదు.

తొలి కోత రోజు పొద్దున్న ఆయన గంప కట్టుకుని, ఎప్పటిలాగే కంప జరిపి, దాని మీదుగానే బండి తీశాడు. మైలవరం వెళ్ళే దారిలో ఒక మలుపులో పడ్డాడు. ఎవరో ఫోన్ చేస్తే ట్రాలీ ఆటో వేసుకుని వెళ్ళాను. బావ రోడ్డు పక్కన ఒక చేత్తో రెండో భుజం పట్టుకుని కూర్చున్నాడు. చిన్న రసాలు రోడ్డంతా దొర్లిపోయాయి. "కాస్త ఏరిపెట్టండయ్యా, బళ్ళు తొక్కేస్తాయి" అని దారినపోయేవాళ్ళను బతిమాలుతున్నాడు. నన్ను చూడగానే అడిగిన మాట నొప్పి గురించి కాదు.

"వెనక టైరు చూడరా. ఒక్కసారిగా ఊగిపోయింది. గాలి పోయిందా?"

వంగి చూశాను. టైరు గాలి పోయి చప్పబడి ఉంది. దాని మధ్యలో తుమ్మముల్లు, మొదలు విరిగి, మిగతాదంతా లోపలికి దిగి ఉంది. బావకు కనబడకుండా దాని మీద అరచెయ్యి పెట్టాను.

"ముందు పోలేదు బావా. నువ్వు పడ్డాక వాల్వు ఊడి గాలి పోయినట్టుంది."

ఆయన పళ్ళ వైపు తిరిగాడు. "అయితే నేనే తూలానన్నమాట" అన్నాడు.

భుజంలో విరిగిన ఎముక వానల్లోగా అతుక్కుంది. ఆ మాట మాత్రం ఆయనలో ఉండిపోయింది. మళ్ళీ బండి ఎక్కలేదు, నా షాపు వెనక రేకుల షెడ్డులోనే ఉంచేయమన్నాడు. రోడ్డు దాటాలంటే అక్క చెయ్యి పట్టుకోవడం మొదలుపెట్టాడు. మరుసటేడు పూత మీదే తోటను ఒక వ్యాపారికి గుత్తకిచ్చేశాడు. "తూలిపోయేవాడికి తోటెందుకురా" అన్నాడు. మైలవరానికి గంప ఆటోలో వెళ్ళింది.

చెబుదామనే వెళ్ళేవాణ్ణి. గుమ్మంలో అడుగు పెట్టగానే ఏదో ఒక కోత కోసేవాణ్ణి, ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు, ఆ నవ్వు చూసుకుని ఇంటికొచ్చేసేవాణ్ణి. మూడేళ్ళు అలాగే గడిచాయి.

ఈ వేసవిలో ఆయనే షాపుకొచ్చి, షెడ్డులోకి తొంగిచూశాడు. "దీన్నెవరికైనా ఇచ్చెయ్యరా. తూలనివాణ్ణి చూసి ఇవ్వు."

ఇక ఆగలేకపోయాను. రంధ్రాల సంగతి, పెయింటు సంగతి, అరచెయ్యి కింది ముల్లు సంగతి అంతా చెప్పాను. బావ విని నవ్వాడు.

"బాగా అల్లావురా. ముసలాడు దిగులుపడుతున్నాడని ఇంత కథ కట్టావా?"

కిందపడ్డ నట్లు ఏరడానికి షాపులో అయస్కాంతం ఒకటుంటుంది. "అల్యూమినియానికి ఇది అంటుకోదు బావా" అని తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని రిమ్ము దగ్గరికి తీసుకెళ్ళాడు. టక్కున అంటుకుంది. పీకి, ఇంకోచోట పెట్టాడు. అక్కడా అంటుకుంది. చక్రాన్ని తిప్పుకుంటూ నాలుగైదు చోట్ల చూశాడు.

"రిమ్ము పాతదే. మరి బరువు తగ్గింది..." అంటూ నా వైపు తిరిగాడు.

"నీ టైరు తీసేసినందుకే బావా."

"అంటే ఆ రోజు నేను తూలలేదు."

"తూలలేదు."

తిడతాడనుకున్నాను. బండెక్కి కూర్చుని, కిక్కు మీద కాలు పెట్టాడు. రెండుసార్లు తొక్కాడు. మూడోసారి కాలు వణికింది. నెమ్మదిగా దిగాడు.

"ఇప్పుడు నిజంగానే చేతకాదురా. అప్పుడు చేతనయ్యేది." హ్యాండిలు వదిలేసి, "మూడేళ్ళు" అన్నాడు, అంతే. అక్కకు చూపిస్తానని అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక తోచింది, రిమ్ము లేకుండా అది అక్కకు ఏం చూపిస్తుందని. మర్నాడు వెనక చక్రం విప్పి ఆటోలో వేసుకెళ్ళాను. దింపి భుజాన పెట్టుకుని వాళ్ళ మెట్లెక్కుతుంటే అక్క ఎదురొచ్చింది.

"ఏంట్రా తమ్ముడూ అది? మీ బావ పొద్దున్నుంచీ ఆ ఇనపముక్క పట్టుకుని తూలలేదు తూలలేదంటున్నాడు. నువ్వే ఏదో ఎక్కించి ఉంటావని నేను కొట్టిపారేశా."

లోపల కుర్చీలో బావ తలెత్తి నా వైపు చూశాడు. ఒక కోత అప్పటికే నా నాలుక చివరికి వచ్చేసింది. దాన్ని మింగి, చక్రాన్ని అక్క కాళ్ళ దగ్గర దింపి, "ఆయన చెప్పింది నిజమే అక్కా" అన్నాను.