ఒక్క ఈలకే ఒడ్డుకొచ్చిన మనిషి

లోకమంతా సెలవు పెట్టి మైపాడు బీచికి వస్తుంది. జడ్సన్ సెలవు పెట్టి మైపాడు నుంచి వెళ్ళిపోతాడు. ఆదివారాలూ పండగలూ అందరికీ ఆటవిడుపు, అతనికి పని. మోకాటిలోతు దాటిన ప్రతి తలనూ కనిపెట్టుకొని ఉండటం, మెడలో ఎర్రతాడుకు వేలాడే ఈల ఊదటం, ఊదినా వినని వాళ్ళ దగ్గరికి నడుముదాకా నీళ్ళలో దిగి నచ్చజెప్పటం. పదిహేనేళ్ళు ఫైబరు బోటు మీద వేటకు పోయినవాడు. బోటు పాతబడి ఒడ్డెక్కాక, ఈత బాగా వచ్చినవాడని బీచికి కాపలా పెట్టారు. ఆ కాపలాకు పన్నెండేళ్ళు, అతనికి యాభై ఎనిమిది.

భార్య ఎస్తేరమ్మ అదే ఇసుకమీద చేపల వేపుడు బండి నడుపుతుంది. అంటే ఇతరుల విహారమే ఆ ఇంటికి జీవనాధారం. తమకూ ఒక విహారం ఉండవచ్చునన్న ఆలోచన ఆ ఇంట్లోకి ఒక కొండమనిషి వెంట వచ్చింది.

ఆరేళ్ళ కిందట, కార్తీక స్నానాల రోజు. బీచి నిండా జనం. అల తీరు మారిందని జడ్సన్ ఈల వేశాడు. ఎప్పటిలాగే ఎవరూ కదల్లేదు. "ఐదే నిముషాలన్నా!" అన్నారు కుర్రాళ్ళు. "మేం అలలకు భయపడే రకం కాదులే!" అన్నారు మరికొందరు. ఒక్క మనిషి మాత్రం, బక్కగా, తలకు తువ్వాలు చుట్టుకున్నవాడు, ఈల చెవిన పడగానే వెనక్కి తిరిగి ఒడ్డెక్కి నిలబడ్డాడు. అప్పటికి ఆరేళ్ళ కాపలాలో ఒక్క ఈలకే ఒడ్డుకొచ్చిన మనిషిని జడ్సన్ చూడటం అదే మొదలు.

దగ్గరికి పోయి అడిగాడు: "ఏందన్నా, భయమా?"

"భయం గాదు. నేనూ ఈల ఊదేవోణ్ణే. ఊదినోడి బాధ నాకు తెలుసు," అన్నాడతను.

అతని పేరు హజరత్తయ్య. రాపూరు అవతల వెలికొండల్లో చిట్టేటికోన అనే చోట అడవికి కాపలాదారు. పైనుంచి జలపాతం పడి మడుగు కడుతుంది. చూడటానికి వచ్చేవాళ్ళను అదుపులో ఉంచటం అతని పని. ఆ సాయంత్రం ఎస్తేరమ్మ బండి దగ్గర ఇద్దరూ వేపుడు తింటూ, ఈల వినని మనుషుల గురించి చీకటి పడేదాకా చెప్పుకున్నారు. లేచేముందు హజరత్తయ్య అన్నాడు: "ఒకసారి మా కొండకు రాన్నా. మంగళవారం రా, ఎవరూ ఉండరు."

అలా మొదలైంది. తొలిసారి పోయినప్పుడు చలికాలం. కోనంతా మంచు పట్టి, పది అడుగుల దూరంలో చెట్టు ఉందా మనిషి ఉన్నాడా తెలియని తెల్లదనం. సముద్రం మీద మంచు వేటగాడికి బెదురు పుట్టిస్తుంది. ఇక్కడ కాలికింద బండ ఉంది కాబట్టి జడ్సన్‌కు ఆ తెల్లదనం హాయి అనిపించింది. ఎండాకాలం పోయి పాలపండ్లు ఏరుకున్నాడు, జిగురుకు పెదవులు అంటుకుపోయేదాకా తిన్నాడు. తొలకరికి పోయి, తడిసిన మట్టిమీద పసుపు సీతాకోకచిలకలు గుంపులుగా వాలటం చూశాడు. నెలకొక మంగళవారం పొద్దున్నే నెల్లూరు, అక్కడి నుంచి రాపూరు బస్సు. చేతిలో ఎస్తేరమ్మ కట్టిచ్చిన వేపుడు పొట్లం. వచ్చేటప్పుడు ఏ కాలం కాయలు ఆ కాలానికి సంచిలో.

"సముద్రం గడపలో పెట్టుకోని కొండకు పోయేదేందయ్యా? నీళ్ళు చూడనోడి మాదిరి!" అనేది ఎస్తేరమ్మ.

"పైనుంచి పడే నీళ్ళు చూసినావా నువ్వు?"

"మన ఇంటి కప్పులో నుంచి రోజూ పడతానే ఉండాయి గదా."

రెండేళ్ళ కిందటి వేసవిలో జడ్సన్ ఒక తప్పు చేశాడు. సముద్రం ఒడ్డున పుట్టినవాడు మాత్రమే చేయగల తప్పు అది. ఎండ మండిపోతోంది. మడుగు నల్లగా, నిశ్చలంగా ఉంది. "దిగొద్దన్నా," అని హజరత్తయ్య ఈల వేశాడు. జడ్సన్ నవ్వాడు. "ముప్పై ఏళ్ళు అలల్లో ఈదినోణ్ణి, ఈ తొట్టి నన్నేం చేస్తది!" అని బండమీది నుంచి దూకాడు.

ఉప్పునీరు మనిషిని పైకి మోస్తుంది. పుట్టినప్పటి నుంచీ ఆ మోతకు అలవాటుపడిన ఒళ్ళు, మంచినీళ్ళు అంతగా మోయవన్న సంగతిని మడుగు మధ్యలో తెలుసుకుంది. పైపొర గోరువెచ్చన, లోపల మంచు. తేలాల్సిన చోట తేలలేదు, పిక్క పట్టేసింది. రెండు మునకలు వేసి లేచేసరికి ముఖం ముందు ఒక వెదురు కనిపించింది. అది చింతకాయలు కోసే దోటి. కొక్కేన్ని బనియనుకు తగిలించి హజరత్తయ్య ఒడ్డుకు లాగాడు.

చాలాసేపటికి ఊపిరి కుదుటపడింది. "చింతకాయను కోసినట్టు కోసినాను గదన్నా నిన్ను," అన్నాడు హజరత్తయ్య. జడ్సన్ నవ్వబోయి దగ్గాడు. తరువాతి మాట మాత్రం నవ్వులాటకు అన్నది కాదు.

"మిగతా కాలాలు నీ ఇష్టం. వానాకాలం మాత్రం నువ్వు రావద్దు. నీళ్ళు తెలియనోడికి భయం ఉంటది, వాణ్ణి కాపాడుకోవచ్చు. తెలిసినోణ్ణి కాపాడలేను."

ఆ మాటకు జడ్సన్ తలూపాడు. బీచిలో తాను సరిగ్గా అదే మాట ఎన్నోసార్లు మనసులో అనుకున్నాడు గనుక.

అప్పటి నుంచి వానాకాలం కొండ అతనికి నిషిద్ధమైంది. చిట్టేటికోన జలపాతం నిండుగా దూకేది ఆ ఒక్క కాలంలోనే. ఈ రెండేళ్ళూ అతను దాన్ని చూసింది సన్నటి తెల్లదారంలాగానే. అదైనా ఓర్చుకునేవాడు, ఈ ఏడు ఆగస్టులో ఎస్తేరమ్మ నోట ఆ మాట రాకపోతే.

"ఒక్కసారి నేనూ వస్తానయ్యా. ఆ పైనుంచి పడే నీళ్ళేందో చూస్తాను."

ఆరేళ్ళుగా అతను ఎదురుచూసిన మాట అది. కాని ఆమె బండికి తీరిక దొరికేది తుఫాను హెచ్చరికలతో బీచి మూతపడే వానల్లోనే. ఆమె రాగలిగిన కాలమూ, హజరత్తయ్య రావద్దన్న కాలమూ ఒకటే. వచ్చే ఏటికి ఆమె మోకాళ్ళు ఆ బండలెక్కే స్థితిలో ఉంటాయన్న నమ్మకం ఇద్దరికీ లేదు.

నవంబరులో జడ్సన్ ఫోన్ చేశాడు. సంగతంతా విని హజరత్తయ్య అన్నాడు:

"ఒక్క షరతన్నా. నా ఈల వినపడితే ఉన్నచోటి నుంచే వెనక్కి తిరగాల. ఎందుకని అడగకూడదు."

"నేనేమన్నా సెలవుకొచ్చినోణ్ణా, నాకు చెప్తుండావు?"

"కాదా మరి?"

జడ్సన్ ఒప్పుకున్నాడు.

వాళ్ళు బయలుదేరిన మంగళవారం నాడు ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ముందురోజు వాన వెలిసి, ఆకుల చివర నీళ్ళు మెరుస్తున్నాయి. ఎస్తేరమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకొని, ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో జడ్సన్ భుజం పట్టుకొని బండకొక మాట అంటూ నడిచింది. "ఇది మెట్టా, గోడా? మీ హజరత్తయ్య మేకేమో." హజరత్తయ్య పైగట్టు మీద, నీళ్ళు వచ్చే దారి కనిపించేచోట కూర్చున్నాడు. అంత దూరం నుంచి అతని తువ్వాలు మాత్రమే ఎర్రగా కనిపిస్తోంది.

కోన వంపు దగ్గరికి వచ్చేసరికి మోత మొదలైంది. ముందు దూరపు లారీలా, తరువాత ఛాతీలో. ఆ వంపు మలుపులో ఒక పెద్ద బండ ఉంది. అది దాటితే జలపాతం ఎదురుగా ఉంటుంది. అడుగులు లెక్కవేస్తే ఇరవై. బండ అంచు మీదుగా తుంపర లేచి, ఇద్దరి ముఖాలనూ తడిపింది. ఎస్తేరమ్మ మాటలు మాని, కళ్ళు మూసుకొని ఒక క్షణం నిలబడింది.

ఈల వినిపించింది.

జడ్సన్ తలెత్తాడు. ఆకాశం నీలం. వాగు ఉన్నంతలోనే ఉంది. మబ్బు లేదు, గాలి లేదు.

"ఇరవై అడుగులే గదయ్యా," అంది ఎస్తేరమ్మ. "తొంగిచూసి వద్దాం. ఐదు నిముషాలు."

ఆ ఐదు నిముషాలు అతను పన్నెండేళ్ళుగా వింటున్నవే. అంత ఆశగా అడిగిన గొంతు ఇంట్లోది కావటమే కొత్త. కాళ్ళు ముందుకే ఉన్నాయి. ఇంత దూరం వచ్చింది ఆమెకు చూపించటానికి. మళ్ళీ ఈ అవకాశం ఉంటుందో లేదో. జడ్సన్ ఆమె చెయ్యి పట్టుకొని వెనక్కి తిరిగాడు.

"తిరుగు మే. పైకి."

"అంత సముద్రంలో పోయినోడివి, పిల్లకాలవకు జడుస్తావా!"

"జడుస్తుండా. నడువ్."

ఎత్తయిన బండ ఎక్కి కూర్చున్నారు. అరగంట గడిచింది. వాగు పెరగలేదు. గంట గడిచింది, అప్పుడూ పెరగలేదు. హజరత్తయ్య దిగివచ్చి, వాళ్ళ ముఖాలు చూసి, తువ్వాలు తీసి చేతుల్లో నలుపుకున్నాడు.

"పైన నీళ్ళు రంగు మారినాయన్నా. ఎర్రమన్ను కలిసింది. ఎక్కడో కురిసినట్టుంది. వస్తదనుకున్నా. రాలేదు." కాస్త ఆగి, "రాకుండా కూడా పోవచ్చు. ఇప్పుడు కూడా చెప్పలేను," అన్నాడు.

"రాకపోతే మంచిదే గదా," అన్నాడు జడ్సన్.

హజరత్తయ్య అతనివంక చూశాడు. ఈల పనిచేసిన రోజున ఏమీ జరగదు. ఏమీ జరగలేదు గనుక ఈల ఎందుకన్నట్టు జనం నవ్వుతారు. ఆ సంగతి తెలిసిన ఆ ఇద్దరూ నవ్వకుండా వేపుడు పొట్లం విప్పుకున్నారు.

ఎస్తేరమ్మ ముళ్ళు తీసి ఇద్దరికీ పెట్టింది. "ఇంతకీ మీ ఉద్యోగాలు భలే ఉండాయబ్బా. ఏమీ జరగకుంటే పని చేసినట్టు!" అంది.

"అవునక్కా. జీతం కూడా అట్టనే ఉంటది," అన్నాడు హజరత్తయ్య.

మధ్యాహ్నం బస్సు వేళకు మోకాళ్ళు పట్టుకుంటూ దిగారు. జలపాతం మోత వెనక నుంచి చాలాదూరం వచ్చింది. రాపూరులో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక జడ్సన్ అన్నాడు: "చూపించలేకపోయినాను మే."

ఎస్తేరమ్మ కొంగుతో ముఖం తుడుచుకోబోయి ఆగింది. నాలుకతో పై పెదవి తడిమి చూసుకుంది.

"ఆ తుంపర చప్పగా ఉండాదయ్యా," అంది ఆశ్చర్యంగా. "నా పెదాల మీద ఇంతవరకు ఉప్పు లేని తుంపర పడలేదు."

బస్సు కదిలింది. ఆమె కిటికీలోంచి కొండలవైపే చూస్తూ ఉంది, అవి పొలాల వెనక నీలంగా పలచబడేదాకా. తరువాత అడిగింది:

"వచ్చే వానలకు నా మోకాళ్ళు ఎక్కలేకపోతే, ఆ దోటితో లాగుతాడంటావా మీ హజరత్తయ్య?"