లంక మామ్మ ఆదివారం

నా చిన్నప్పుడు, అమ్మ పోయిన మరుసటి వేసవిలో, మా పెద్దమ్మ నన్ను సువార్త యాత్రకు వెంటబెట్టుకెళ్ళింది. నేనేదో సువార్త చెబుతానని కాదు. బడికి సెలవులిచ్చేశారు, నాన్న కొబ్బరి దింపులకు పోతే ఎప్పుడొస్తాడో తెలియదు, ఖాళీ ఇంట్లో నన్ను వదిలెళ్ళడానికి ఆవిడకు మనసొప్పలేదు. పెద్దమ్మ ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పే బైబిలు ఉమెన్. తెల్లచీర, చంకలో బైబిలు, చేతిలో గొడుగు. ఆవిడ నడుస్తుంటే మగవాళ్ళయినా వెనకబడాల్సిందే. ఏటా ఈస్టరు వెళ్ళాక మా పాస్టరుగారు, హార్మోనియం, డోలక్కు వాయించేవాళ్ళు, పెద్దమ్మ కలిసి గోదావరి పాయ దాటి, ఏటి మధ్య దిబ్బల మీదుండే లంక గ్రామాలు తిరిగి వచ్చేవాళ్ళు. పాస్టరుగారిని మేమంతా అయ్యగారనేవాళ్ళం.

నాకప్పటికి తొమ్మిదేళ్ళు. అమ్మకు కామెర్లు ముదిరినప్పుడు సంఘమంతా మా వసారాలో కూర్చుని ఉపవాస ప్రార్థన చేసింది. పసిపిల్లల ప్రార్థన దేవుడు తప్పకుండా వింటాడని ఎవరో అన్నారు. అన్నదెవరో గుర్తులేదు, మాట మాత్రం గుర్తుంది. నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. నాకు తెలిసిన మాటలన్నీ కూడగట్టుకుని ప్రార్థించాను. అమ్మ పోయింది. ఆ తర్వాత కనిపించిన ప్రతివాళ్ళూ నా తల నిమిరి, అమ్మ దేవుడి దగ్గర హాయిగా ఉందని చెప్పేవాళ్ళు. నా ప్రార్థనలో ఏం లోపముందో, అమ్మ ఎందుకు బతకలేదో ఒక్కరూ చెప్పలేదు. నాకు కావలసింది అదొక్కటే, అడగడానికేమో భయం. నా వల్లనే అమ్మ పోయిందని లోపల నమ్మేశాను. అప్పటినుంచి దేవుడితో మాట్లాడటం మానేశాను. పాటలు పాడేదాన్ని, ఆమెన్ అనేదాన్ని, అంతే. అంతమంది భక్తుల మధ్య నాకున్న ఒంటరితనం ఎవరికీ కనిపించలేదు.

యాత్రలో ఊరూరా నన్ను నిలబెట్టి కంఠత వాక్యం చెప్పించేవారు. తల్లి లేని పిల్ల అని పెద్దమ్మ ముందే చెప్పేది. ఆడవాళ్ళు అయ్యో అని బుగ్గలు నొక్కుకునేవారు. మేమిచ్చిన కరపత్రం చంటిపిల్లాడి చేతికిచ్చేసి, మాకు కొబ్బరిబొండాలు కొట్టించేవారు. మావైపు మర్యాదకు మతం అడ్డురాదు. అయ్యగారి ప్రసంగం ఎంత సాగినా ఎవరూ లేచిపోయేవారు కాదు, కూర్చున్నచోటే మర్యాదగా కునుకు తీసేవారు.

చివరి మజిలీ ఒక చిన్న లంక. వరదలకు జడిసి చాలామంది ఇళ్ళు విప్పుకుని ఏటిగట్టు అవతలికి వెళ్ళిపోయారు. ఉన్న నాలుగిళ్ళలో క్రైస్తవురాలు ఒకే ఒక్క ముసలావిడ. అందరూ లంక మామ్మ అనేవారు. ఆవిడకు ఇవ్వడానికి అయ్యగారు బియ్యం, ఒక చీర పట్టించుకొచ్చారు. అవి ఇచ్చి, నాలుగు ఓదార్పు మాటలు చెప్పి, వెంటనే పడవెక్కాలని వాళ్ళ ఆలోచన.

మేం వెళ్ళేసరికే మామ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేసింది. మావైపు క్రైస్తవుల ఇళ్ళలో ఆడవాళ్ళు అన్నం వండే ప్రతిసారీ, ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేస్తారు. ఆదివారం చర్చికి పట్టుకెళ్ళి కానుకగా పోస్తారు. ఆ లంకలో చర్చి లేదు. ఏడాదంతా పోగైన పిడికిళ్ళు ఆవిడ కుండలోనే ఉండిపోయేవి. ఆ బియ్యమే మాకోసం ఏరి కడుగుతోంది. అది తెలియక మా పెద్దమ్మ, పేదరాలిని ఇబ్బంది పెట్టడమెందుకని, మేం తెచ్చిన బియ్యమే వండుకుంటామంది. మామ్మ ముఖం చిన్నబోయింది.

"ఇది నా బియ్యం కాదండి, దేవుడి కుండలోదండి. ఆయన పిలిచిన భోజనానికి ఎవరి బియ్యం వాళ్ళు తెచ్చుకుంటారా అండి?"

పెద్దమ్మ మేం తెచ్చిన బియ్యం మూట పక్కకు జరిపేసింది. అయ్యగారు "ఆయ్, వడ్డించమ్మా" అంటూ అరిటాకు ముందు కూర్చున్నారు. బియ్యానికి కాస్త ముక్కవాసన ఉంది. వంకాయ, ఎండురొయ్యల కూర దాన్ని కప్పేసింది. అందరూ మారు వడ్డించుకుని తిన్నారు.

భోజనాలయ్యాక పెద్దవాళ్ళు నీడపట్టున నడుం వాల్చారు. నేను మామ్మ వెంట రేవుకి వెళ్ళాను. ఆవిడ గిన్నెలు తోముతుంటే నేను కడిగాను. ఆదివారం ప్రార్థనకు ఇక్కడికి ఎవరొస్తారండీ అని అడిగాను. ఎవరూ రారట. ఆవిడే గంటకు బదులు కంచం వాయించి, చాప పరిచి, ఒక పాట పాడుకుని, దేవుడితో కొడుకు సంగతులు చెప్పుకుంటుందట. చేతికందిన కొడుకు వరదనీళ్ళలో పోయాడు. నాకెక్కడలేని ధైర్యం వచ్చింది.

"బతికించమని అడగలేదా అండి?"

గిన్నె రుద్దుతున్న బూడిద చెయ్యి ఆగింది. "అడిగేను అమ్మలూ. ఏటిగట్టున పడి దొర్లి మరీ అడిగేను. ఇవ్వలేదు."

"మీ ప్రార్థనలో తప్పేముందండి?"

మామ్మ గిన్నె కింద పెట్టి నావైపు తిరిగింది. నేను అడుగుతున్నది ఎవరి ప్రార్థన గురించో ఆవిడకు తెలిసిపోయింది.

"తప్పేం లేదమ్మా. నా బిడ్డను నాకుంచమంటే తప్పేంటి, నువ్వు మీ అమ్మను ఉంచమంటే తప్పేంటి? ఎందుకివ్వలేదో నాకూ చెప్పలేదు. కోపమొచ్చి చాన్నాళ్ళు మాటలు మానేసేను. ఆనక చూసుకుంటే, ఈ లంకలో మావోణ్ణి ఎరిగినోడు ఆయనొక్కడే మిగిలేడు. ఆయనతో కాక వాడి ఊసులు ఇంకెవరితో చెప్పుకోను?"

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అమ్మ పోయినప్పటినుంచి బిగబట్టుకున్నదంతా ఆ రేవులో ఏడ్చాను. మామ్మ ఊరుకోబెట్టలేదు. ఏడుపు సద్దుమణిగాక, మీ అమ్మ ఎలా ఉండేదమ్మా అని అడిగింది. అప్పటిదాకా ఆ మాట నన్నెవరూ అడగలేదు. నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకునేదని, నాతో గవ్వలాడితే తొండి చేసి గెలిచేదని చెప్పాను. చెబుతుంటే అమ్మ కాసేపు మళ్ళీ ఉన్నట్టనిపించింది.

తిరుగు పడవలో పెద్దమ్మ, పాపం ఏమీ లేని మనిషి అని నిట్టూర్చింది. నాకు మాత్రం ఆవిడకున్నంత కలిమి మా సంఘంలో ఎవరికీ ఉన్నట్టు తోచలేదు. తన దుఃఖాన్ని ఒక మనిషికి చెప్పినట్టు దేవుడికి చెప్పుకోగలదు, అడిగింది దక్కకపోయినా ఆయన పేరున కుండ నింపి పదిమందికి అన్నం పెట్టగలదు. ఆ సాయంత్రం పడవ అంచున కూర్చుని నేను దేవుడితో మళ్ళీ మాట కలిపాను. ఏమీ అడగలేదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. అమలాపురంలో ఉంటున్నాను. నాన్న, పెద్దమ్మ, మా ఆయన, ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు. మా అమ్మను కళ్ళారా చూసినవాళ్ళలో ఈ భూమ్మీద నేనొక్కదాన్నే మిగిలాను. ఆమెది ఫోటో కూడా లేదు. ఈ వయసు ఒంటరితనం మందులకు తగ్గేది కాదు, ప్రార్థనకు కూడా పూర్తిగా తగ్గదు. తగ్గుతుందని లంక మామ్మ నాకు చెప్పలేదు, నేనూ ఎవరికీ చెప్పను. కానీ రోజూ అమ్మ సంగతి ఒకటి దేవుడికి చెబుతాను. ఈ పొద్దున, అమ్మ నాకు జడ వేస్తూ రిబ్బను పళ్ళతో పట్టుకునేదని, అలాగే ముక్కుతో మాట్లాడుతూ నన్ను కదలొద్దని కసిరేదని చెప్పాను. ఆయనకు తెలిసే ఉంటుంది. అయినా చెప్పాను.