అంచు మీద కన్నాలు

మా తాత కాళ్ళు దించుకుని కూర్చున్న మగ్గం గుంట మీద ఒట్టు. ఇక్కడ రాస్తున్న ప్రతి మాటా నిజం. నన్ను ఎరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే నవ్వడం మొదలుపెడతారని తెలుసు. నవ్వుకోండి. ఒట్టు మాత్రం ఒట్టే.

బహ్రెయిన్‌లో, మనామా సూక్ అనే పాత బజార్లో, ఒక టోకు బట్టల కొట్టులో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. ఇక్కడి మగవాళ్ళు తొడుక్కునే తోబ్‌లకు తెల్ల నూలు బట్ట ఏ దేశం నుంచి తెప్పించాలి, ఏ దర్జీకి ఏ రకం అంటగట్టాలి అన్నది నా పని. మా యజమాని బహ్రెయినీ. అర్బాబ్ అంటాం. మంచివాడే కానీ నేను చెప్పినదాంట్లో సగమే నమ్ముతాడు. తప్పు నాదే. చేరిన మొదటి వారంలోనే ఆయనకు మా ఊరి దర్జీల గొప్ప చెప్పాను. వాళ్ళు మనిషిని ముట్టుకోరని, గోడ మీద పడ్డ నీడను కొలిచి చొక్కా కుడతారని, మిట్టమధ్యాహ్నం కొలతలిస్తే చొక్కా పొట్టిదవుతుంది కాబట్టి అందరూ సాయంత్రమే వస్తారని. అప్పట్నుంచి కొట్లో నా పేరు నీడ దర్జీ.

అలాంటి మనిషి ఏడాదిపాటు వెంటపడి చేనేత బట్ట తెప్పించమంటే ఎవరు వింటారు? మేం తెప్పించేదంతా మిల్లు బట్ట. ఒక తానుకూ ఇంకో తానుకూ వెంట్రుకవాసి తేడా ఉండదు. చీరాల పక్కన మా ఊళ్ళో మా పిన్ని, ఆవిడతోపాటు ఇంకో పదిహేను ఇళ్ళవాళ్ళు చేతిమగ్గం మీద నేసే పల్చటి తెల్లబట్ట ఇక్కడి వేసవికి సరిగ్గా సరిపోతుందని నా పట్టు. జూలై ఎండలో అది తొడుక్కుంటే లోపల ఫ్యాను తిరుగుతున్నట్టు ఉంటుందని చెప్పాను. అర్బాబ్ సగం ఫ్యాను నమ్మాడు. అరవై తానులు తెప్పించడానికి ఒప్పుకుని ఒక షరతు పెట్టాడు. లోపం కనిపిస్తే సరుకు మొత్తం వెనక్కి పోతుంది, మళ్ళీ నేను చేనేత మాట ఎత్తకూడదు.

ఆ షరతు పిన్నికి చెప్పాను. పదహారు మగ్గాలకూ అది మొదటి విదేశీ బేరం. ఇక్కడ నచ్చితే ఏటా పని ఉంటుంది. నచ్చకపోతే మగ్గం విప్పేసి వేరే పని చూసుకోవాలని వాళ్ళలో సగం మంది అప్పటికే అనుకుంటున్నారు.

సరుకు వచ్చి సిత్రాలోని మా గోడౌనుకు చేరింది. గోడౌను చూసుకునే అతను జగిత్యాల వైపు మనిషి, నాకంటే పదేళ్ళు చిన్న. మొదటి తాను విప్పి, అంచును వెలుతురుకు ఎత్తి పట్టుకుని, నా వైపు చూశాడు.

"అన్నా, పురుగు వట్టింది."

రెండంచుల వెంబడీ సన్నటి కన్నాలు. రెండో తాను విప్పితే అంతే. మూడోదీ అంతే. పది విప్పాం, పదీ అంతే. నేను కంగారు పడలేదు. చూడగానే నాకు తెలిసిపోయింది. నేసేటప్పుడు బట్ట ముడుచుకుపోకుండా వెడల్పుగా లాగి పట్టడానికి అడ్డంగా ఒక కర్ర పెడతారు. దాని రెండు కొసలకూ సూదులుంటాయి. వాటిని రెండంచులకూ గుచ్చి, కాస్త మేర నేశాక పీకి, ముందుకు జరిపి మళ్ళీ గుచ్చుతారు. ఆ గుర్తులే ఇవి. నేతగాళ్ళ ఇంట పుట్టినవాడికి ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఇదంతా అతనికి చెప్పాను. అతను తాను చుట్టేస్తూ, "గిది గూడ నీడ దర్జీ ముచ్చటనే," అన్నాడు.

సాయంత్రం అర్బాబ్ వచ్చి చూశాడు. ఈ వ్యాపారంలో ఆయన ఇలాంటి కన్నాలు చూసింది ఒక్కసారే, గోడౌనులో పురుగు పడి చాలా సరుకు పారేయాల్సి వచ్చినప్పుడు. నేను చెప్పింది శ్రద్ధగా విని, సూదుల కర్ర కథ నీడ కథ కంటే బాగుందన్నాడు. మా పిన్ని చేత వీడియో తీయించి చూపిస్తానంటే, అమ్మినావిడ తన సరుకు చెడ్డదని ఎందుకంటుందన్నాడు. తర్వాత గొంతు మారింది. "ఖలాస్. గురువారం మధ్యాహ్నానికి ఇవన్నీ కంటైనర్ ఎక్కాలి." పురుగు పక్కనున్న మిల్లు బట్టకు పాకుతుందని ఆయన భయం. ఆ భయాన్ని తప్పు పట్టలేను.

అది మంగళవారం. ఆ తానులు మళ్ళీ ఓడెక్కకూడదని ఆ నిమిషాన గట్టిగా అనుకున్నాను. ఈ నోటితో చెప్పిన అబద్ధాలన్నీ చెల్లాయి. ఒక్క నిజం చెల్లకపోతే ఎలా ఊరుకుంటాను?

బుధవారం పొద్దున్నే సిత్రా వెళ్ళి, నాలుగు తానులు నేల మీద పరిచి, టేపూ సుద్దముక్కా పట్టుకుని కూర్చున్నాను. ఈ అంచున ఎక్కడ కన్నాలున్నాయో, సరిగ్గా దానికెదురుగా ఆ అంచునా ఉన్నాయి. మధ్య బట్టలో ఒక్కటి లేదు. ఒక జత నుంచి ఇంకో జతకు దూరం దాదాపు ఒకటే. ప్రతి జతకూ సుద్దతో గీత గీసుకుంటూ పోయాను. మోకాళ్ళు పట్టేశాయి. జగిత్యాల తమ్ముడు టీ గ్లాసుతో వచ్చి చాలాసేపు నిలబడి చూశాడు.

"అన్నా, పురుగులు గిట్ల టేపు వట్టుకొని తింటయా?"

"నేనూ అదే అడుగుతున్నా."

"నడిమిట్ల గింత బట్ట ఇడిసిపెట్టి అంచులకే ఎందుకు వోతయ్?" అని గ్లాసు నా చేతికిచ్చి తను కూడా కూర్చున్నాడు. "గట్లయితె నిజంగనే కర్ర ఉన్నదా?"

అతను నమ్మాడు. అర్బాబ్ నమ్మలేదు. టేపు నీది, సుద్ద నీది, చెప్పేది నువ్వు అన్నాడు. అయితే మగ్గం తెలిసిన మీ మనిషే చెబితే నమ్ముతారా అని అడిగాను. మనామాకు పడమట బనీ జమ్రా అనే ఊళ్ళో ఇప్పటికీ గుంటమగ్గం మీద నేసే ముసలాయన ఒకరున్నారు. తన తల్లి కప్పుకునే బట్ట ఆ ఊళ్ళో నేసిందేనని అర్బాబే ఒకప్పుడు నాతో అన్నాడు. ఆ మాట గుర్తుచేస్తే సరేనన్నాడు. ఇంకో షరతు. అక్కడ నేను నోరు తెరవకూడదు. నా తరఫున సలాం కూడా ఆయనే చెబుతాడు.

గురువారం పొద్దున ముగ్గురం బయల్దేరాం: ఆయనా, నేనూ, ఒక తానూ. నా నోటి మీద నాకే నమ్మకం లేక దారిలోనే ఒక ఖర్జూరం బుగ్గన పెట్టుకున్నాను.

ముసలాయన గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు, మా తాత లాగే. అర్బాబ్ తాను ఆయన ఒళ్ళో పెట్టి, ఇందులో లోపం ఏమిటో చెప్పమన్నాడు. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. ముసలాయన బట్టను వేళ్ళ మధ్య నలిపాడు. అంచు చూశాడు. ఎక్కడ నేశారని అడిగాడు. హింద్ అన్నాడు అర్బాబ్. ముసలాయన తన మగ్గం మీద సగం నేసిన బట్ట అంచును వంచి చూపించాడు. అవే కన్నాలు. తన కర్ర పీకి, దాని సూదులు మా బట్ట కన్నాల మీద ఆనించాడు. సరిగ్గా దిగలేదు. మావాళ్ళ సూదులు కాస్త దగ్గరదగ్గరగా ఉంటాయి. ఆయన అది చూసి తనలో తను నవ్వుకున్నాడు.

"బట్టలో లోపం లేదు," అన్నాడు. "అడిగినాయన ఎన్నడూ మగ్గం దగ్గర కూర్చోలేదు, అంతే."

అర్బాబ్ నా వైపు తిరిగాడు. "ఇప్పుడు మాట్లాడు."

నోట్లో ఖర్జూరం గింజ మాత్రమే మిగిలింది. దాన్ని చేతిలోకి తీసుకుని, ఆయన చెప్పిందే నిజమన్నాను. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, దానికి ఏమీ కలపలేదు.

తిరుగుదారిలో ఆయన గోడౌనుకు ఫోన్ చేసి కంటైనర్ వద్దన్నాడు. చేత్తో నేసినదానికి అవే గుర్తని, దర్జీలకు ఆ కన్నాలు చూపించే అమ్మమని నాతో అన్నాడు. చూపించాను. అవి గాలి లోపలికి రావడానికి పెట్టిన కిటికీలని ఒకరిద్దరికి చెప్పి ఉంటాను. వేసవి ముదరకముందే అరవై తానులూ అయిపోయాయి. ఈసారి వంద తెప్పించమన్నాడు అర్బాబ్.

ఇక ఒట్టు సంగతి. ఒక్కచోట కల్పించాను, ఒప్పుకుంటున్నాను. సిత్రాలో ఆ కన్నాలు చూడగానే నాకు తెలిసిపోయిందని రాశానే, అది అబద్ధం. నాకూ పురుగే అనిపించింది. నేతగాళ్ళ ఇంట పుట్టాను గానీ జానెడు బట్ట నేసినవాణ్ణి కాదు. గోడౌను వెనక్కి వెళ్ళి పిన్నికి ఫోన్ చేసి, పురుగు తిన్న బట్ట పంపి నా పరువు తీశావని నోటికొచ్చినట్టు అరిచాను. ఆవిడ మొత్తం విన్నది.

"పురుగేందిరా? ఆ సూదుల కర్రతో కత్తియుద్ధం ఆడి మీ తాత చేత తొడపాశం పెట్టించుకున్నావే, అది కూడా మర్చిపోయావా?"

అప్పుడు గుర్తొచ్చింది. తొడ కూడా చురుక్కుమంది. వెనక్కి వచ్చి, పుట్టినప్పట్నుంచీ తెలిసినట్టు జగిత్యాల తమ్ముడికి చెప్పాను.

వంద తానుల కబురు చెప్పడానికి ఫోన్ చేసినప్పుడు ముందు ఆ అరిచిన అరుపులకు క్షమించమన్నాను. ఆవిడ దాన్ని పట్టించుకోలేదు. అక్కడివాళ్ళకు కన్నాలు నచ్చకపోతే సన్న సూదులున్న కర్రలు చేయిస్తామంది.

"వద్దు పిన్నీ," అన్నాను. "వాటితోనే గుచ్చండి. బాగా కనపడాలి."