ఎండాకాలపు గౌన్ల సుబ్బరత్నం

మాచర్లలో మా ఇంటికి కింద నాపరాయి, పైన నాపరాయి, గోడలూ ఆ రాయే. చైత్రం వచ్చిందంటే పొద్దెక్కేసరికి ఇల్లంతా పెనంలా కాలేది. అలాంటి రోజుల్లో, చెన్నకేశవస్వామి తిరునాళ్లకి, మా నాయనమ్మ సరస్వతమ్మ నాకు మఖమల్ జాకెట్టు తొడిగి, సాటిన్ పరికిణీ కట్టి తీసుకెళ్లింది. అప్పుడు నాకు ఆరేళ్లు. ఎక్కడో యుద్ధం జరుగుతోందని పెద్దవాళ్లు చెప్పుకునేవాళ్లు గానీ దాని సెగ మా ఊరికింకా తగల్లేదు.

ఆ మఖమల్ గుడ్డ మాకు అమ్మింది సుబ్బరత్నం అత్త. అత్త అంటే చుట్టరికమేం లేదు. మా వీధి పిల్లలందరికీ ఆమె అత్తే.

ఆమె భర్త వీరయ్య నాపరాళ్ల గనిలో పని చేసేవాడు. ఒకరోజు పలక జారి కాలి మీద పడింది. కాలైతే దక్కింది గానీ బరువులెత్తే పని ఇక చేతకాలేదు. ఇద్దరు మగపిల్లలు చిన్నవాళ్లు. సుబ్బరత్నం అత్త నాలుగు రోజులు ఏడ్చి, అయిదో రోజు మొగుడితో అన్నదట: "పొయ్యి కాడ పని నువ్వు చూడు. నేను బట్టల మూట ఎత్తుకుంటా."

ఆడది బట్టల మూట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరగడం మా వైపు ఎవరూ చూడలేదు. వీరయ్యను చూసి జనం నవ్వేవాళ్లు. "ఏం వీరయ్యా, పప్పులో ఉప్పు సరిపోయిందా?" అని అడిగితే, "వచ్చి తిని చెప్పు," అనేవాడు. అత్త రైల్లో నరసరావుపేట వెళ్లి గుడ్డలు తెచ్చి, దుర్గి, రాయవరం, వెల్దుర్తి దాకా నడిచి అమ్మేది. మగ వర్తకులు వాకిట్లోనే నిలబడేవాళ్లు. ఆమె మాత్రం వంటింటి దాకా వెళ్లి మూట విప్పేది. ఆడవాళ్లు మొహమాటం లేకుండా గుడ్డ తడిమి, మీద వేసుకుని చూసి, ఎంచుకునేవాళ్లు. అందుకే ఆమె కోసం ఎదురుచూసేవాళ్లు.

మఖమల్ ముక్క ఎంచింది నాయనమ్మే. "పిల్ల మెరిసిపోద్ది పెద్దమ్మా!" అని అత్త కూడా వంత పాడింది. కుట్టింది దర్జీ మీరా సాహెబ్. ముంజేతుల దాకా చేతులుండాలనీ, చంకల చుట్టూ జరీ పట్టీ వెయ్యాలనీ, ఒంటికి బిగువుగా ఉండాలనీ నాయనమ్మ పట్టుబట్టి కుట్టించింది.

తిరునాళ్లలో రథం కదలక ముందే నాకు కళ్లు బైర్లు కమ్మాయి. నాయనమ్మ చెయ్యి పట్టుకునే ఉన్నాను. ఆ చెయ్యి జారిపోవడం ఒక్కటే తెలుసు. తర్వాత కళ్లు తెరిచేసరికి మీరా సాహెబ్ కొట్లో చాప మీద ఉన్నాను. జనంలోంచి నన్ను ఎత్తుకొచ్చింది సుబ్బరత్నం అత్త. చెమటకి హుక్కులు బిగుసుకుపోయి ఊడిరావడం లేదు. ఆమె సాహెబ్ చేతిలోని కత్తెర లాక్కుని జాకెట్టును వీపు మీదుగా కిందిదాకా కోసేసింది. అప్పుడు నా ఒంటికి తగిలిన గాలి నాకిప్పటికీ గుర్తే.

తడిగుడ్డతో తుడవబోయి ఆమె ఆగిపోయింది. నా వీపంతా చెమటకాయలు. చంకల్లో జరీ ఒరుసుకుని తోలు లేచిపోయింది.

"అత్తా, అది మళ్లా తొడగమాకు," అన్నాను.

నాయనమ్మ వగరుస్తూ వచ్చింది. నన్ను గుండెకి హత్తుకుంది. తర్వాత ఆమె చూపు రెండు ముక్కలై పడున్న జాకెట్టు మీద పడింది.

"ఇదేందే! బంగారం లాంటి గుడ్డ! ఎవరు కోశారు?"

"ఈ గుడ్డ అమ్మిందీ నేనే, కోసిందీ నేనే పెద్దమ్మా. తిట్టాలంటే నన్ను తిట్టు. ముందు ఈ పిల్ల ఈపు చూడు."

నాయనమ్మ చూసింది. తిట్టలేదు. అలాగని మెచ్చుకోనూ లేదు. కోసిన జాకెట్టును మడిచి చంకలో పెట్టుకుని నన్ను ఇంటికి తీసుకెళ్లింది.

మేం వెళ్లాక అత్త అక్కడే కూర్చుండిపోయిందని మీరా సాహెబ్ తర్వాత చాలాసార్లు చెప్పాడు. ఆయన వేసుకున్న పల్చటి తెల్ల లాల్చీని చూస్తూ అడిగిందట: "సాయిబన్నా, ఎండ పడితే నువ్వు వదులు లాల్చీ ఏసుకుంటావు. మా ఆయన పంచె తప్ప పైన గుడ్డే ఉంచుకోడు. ఆడపిల్లని మాత్రం గోనెసంచిలో కుక్కినట్టు కుక్కుతాం. ఎందుకన్నా?"

"వదులుగా కుట్టమని అడిగినోళ్లు లేరు చెల్లెమ్మా."

"నేనడుగుతున్నా. కుట్టు."

అలా తయారైంది మొదటి గౌను. మెత్తటి, పల్చటి మల్లు నూలుగుడ్డ. చేతుల్లేవు. భుజాల మీద హుక్కులకి బదులు ముడేసుకునే నాడాలు. రొమ్ము కిందనుంచి మోకాళ్ల దాకా గాలి ఆడేంత వదులు. అత్త దాన్ని తీసుకుని మా ఇంటికొచ్చి నాకు తొడిగి, గెలిచినదానిలా నా మొహంలోకి చూసింది.

నేను ఏడుపు మొహం పెట్టాను.

"ఏందే? చల్లగా లేదా?"

"చల్లగానే ఉంది. బాలేదు."

వంటింట్లోంచి నాయనమ్మ పగలబడి నవ్వింది. "అట్టా చెప్పవే నా తల్లీ! దిండు గలీబు తొడుక్కున్నట్టుంది."

మరొకరైతే చిన్నబుచ్చుకునేవాళ్లు. అత్త మాత్రం నా ముందు గొంతుక్కూర్చుంది. "నిజమే, నిన్నడక్కుండా కుట్టించా. ఏం కావాలి నీకు?" అని పెద్దవాళ్లని అడిగినట్టు అడిగింది. అంతవరకూ నా బట్టల గురించి నన్నెవరూ ఏమీ అడగలేదు. నేను చాలాసేపు ఆలోచించి, "చిలక," అన్నాను. ఇంకాస్త ధైర్యం వచ్చాక, "జామకాయ దాచుకోను జేబు," అన్నాను.

రెండు రోజుల తర్వాత గౌను తిరిగొచ్చింది. కుడివైపు పెద్ద జేబు, దాని మీద పచ్చదారంతో చిలక, ఎర్రటి ముక్కు. అంచు చుట్టూ పువ్వులద్దిన చీటీ నూలుగుడ్డ కుచ్చిళ్లు. ఆ గౌను విప్పనని నేను చేసిన గొడవ మా వీధంతా విన్నది. ఉతికి ఆరేస్తే ఆరేదాకా తీగ కిందే నిలబడేదాన్ని.

సుబ్బరత్నం అత్త అప్పటినుంచి ఏ ఇంటికి వెళ్లినా తల్లితో బేరానికి ముందు పిల్లను పిలిచేది. రంగు పిల్లే ఎంచాలి. కుట్టించాక తొడిగి, "చేతులెత్తు. కూర్చో. ఇప్పుడు పరిగెత్తు," అనేది. చంకలో పట్టినా, మెడ దగ్గర గీరినా, కాళ్లకి అడ్డంపడినా మళ్లీ విప్పించేది. జరీ ఒంటికి తగలకూడదు. కుట్లు లోపల గరుకుగా ఉండకూడదు. చూడ్డానికి ముచ్చటగా లేకపోయినా ఒప్పుకునేది కాదు. "పిల్లకి నచ్చకపోతే ఎంత చల్లటి గుడ్డైనా దండెం మీదే ఉంటది," అనేది.

ఇదంతా అందరికీ నచ్చిందని కాదు. "చేతుల్లేని బట్టలేంది, దొరల పిల్లలకి మల్లే!" అన్నవాళ్లున్నారు. పెళ్లికి మెరిసే గుడ్డలు కావాలంటే ఆమె వేసవిలో ఆడపిల్లలకి అమ్మనంటుందని కొన్ని ఇళ్లవాళ్లు పిలవడం మానేశారు. నరసరావుపేట షావుకారు, "జనం అడిగేది మెరుపే గదమ్మా," అని నచ్చజెప్పబోయాడు.

"చలికాలం ఇవ్వండి, అమ్మిపెడతా. చైత్రం వస్తే నా మూటలో మల్లూ చీటీయే."

ఎంత మూట ఎత్తుకెళ్లిందో అంత మూటతోనే తిరిగొచ్చిన రోజులు చాలా ఉన్నాయి. మెరిసేవి రెండు ముక్కలైనా పెట్టుకోమని వీరయ్య ఒకసారి మెల్లగా అన్నాడు. "ఆ పిల్ల ఈపు నువ్వు చూళ్లేదు," అంది. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

తర్వాత యుద్ధం మా ఊరికీ వచ్చింది. గుడ్డకి కంట్రోలు పెట్టారు. మల్లు మాట దేవుడెరుగు, కోరా గుడ్డ కోసం కొట్ల ముందు జనం బారులు తీరేవాళ్లు. దొరికిన కంట్రోలు గుడ్డేమో అట్టలా ఉండేది. అత్త మూటలో అమ్మడానికేమీ లేకుండా పోయింది. అయినా ఆమె తిరగడం మానలేదు. ఇంట్లో ఉన్న పాతవాటిలో ఏది పిల్లలకి పనికొస్తుందో చూసి చెప్పేది. తల్లి కట్టి కట్టి నలిగిన నేతచీర, తాత పాత పంచె ఆమె కంటపడితే వదిలేది కాదు. "ఉతికి ఉతికి పాలమీగడైన గుడ్డ ఇది. కొత్తదానికి ఈ మెత్తన ఏడనుంచి వచ్చిద్ది?" అంటూ అక్కడే కూర్చుని కుట్టిపెట్టేది. ఏ ఇంట్లో ఏ పూట ఉంటే ఆ పూట అన్నం అక్కడే.

నా తొమ్మిదో ఏట వైశాఖంలో నాకు ఆటలమ్మ పోసింది. ఒళ్లంతా పొక్కులు. ఏ గుడ్డ తగిలినా నిప్పు తగిలినట్టుండేది. వేపాకుల మీద పడుకోబెట్టారు. కంట్రోలు గుడ్డ కప్పితే కేకలు పెట్టాను. బట్ట లేకుండా ఉండటానికి సిగ్గు. నన్ను చూసి ఏంచెయ్యాలో తోచక నాయనమ్మ సుబ్బరత్నం అత్తకి కబురు పెట్టింది.

అత్త వచ్చి నన్ను చూసి, నాయనమ్మను అడిగింది: "మెత్తటి పంచె ఏదన్నా ఉందా పెద్దమ్మా? బాగా పల్చబడింది కావాలి."

నాయనమ్మ లోపలి గదిలోకి వెళ్లింది. మా తాత పోయి అప్పటికి చాలా ఏళ్లైంది. ఆయన కట్టిన మంగళగిరి పంచెలు రెండు ఆమె పెట్టెలో అడుగున ఉండేవి. ఏడాదికోసారి ఎండలో వేసి మళ్లీ మడిచి పెట్టేది. మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు. వాటినే తెచ్చి అత్త చేతుల్లో పెట్టింది.

అత్తకి అవేమిటో తెలుసు. "ఇవి వద్దులే పెద్దమ్మా. వేరే చూద్దాం."

"ఆయనుంటే ఈపాటికి చింపి ఇచ్చేవాడే. తీసుకోవే రత్నం." నాయనమ్మ ఆమె వేళ్లను పంచెల మీద మూసింది. "అయితే అమ్మవారున్న ఇంట్లో సూది పట్టగూడదు. తెల్లబట్ట కూడా పిల్ల మీద వెయ్యమాకు."

"ఇక్కడ కుట్టన్లే. తెల్లగానూ ఉంచను."

ఆమె ఆ మధ్యాహ్నపు ఎండలోనే మీరా సాహెబ్ కొట్టుకి పోయింది. ఇద్దరూ చెరొక పంచె తీసుకున్నారు. గౌను నెత్తిమీదుగా తొడిగే పని లేకుండా ముందువైపు పూర్తిగా విచ్చుకునేలా, కుట్లన్నీ ఒంటికి తగలకుండా బయటి వైపుకి వచ్చేలా కుట్టారు. పసుపు నీళ్లలో ముంచి నీడన ఆరేసి, సాయంత్రానికి అత్త తెచ్చింది. లేత పసుపుపచ్చ గౌన్లు రెండు. అత్త నన్ను పైకెత్తకుండా ఒకటి పక్కన పరిచి, నన్ను దాని మీదికి దొర్లించి, ముందువైపు వదులుగా ముడివేసింది.

నొప్పి పుట్టలేదు. ఎన్నో రోజుల తర్వాత కళ్లు మూతపడ్డాయి. నాకు మెలకువ వచ్చినప్పుడల్లా నాయనమ్మా, అత్తా చెరోపక్క కూర్చుని వేపరెమ్మలతో విసురుతూనే ఉన్నారు. నాయనమ్మ అప్పుడప్పుడూ ఆ గుడ్డ అంచు మీద చెయ్యేసి నిమిరేది.

నాకు నయమైంది. నాయనమ్మ మాత్రం మునుపటి నాయనమ్మ కాదు. మరుసటి ఏడు తిరునాళ్లకి ముందు మా చుట్టాల పిల్లలందర్నీ పిలిపించి, చాప వేసి, అత్తని కూర్చోబెట్టి, "ఏమే రత్నం, ఈ పిల్లకాయలకి ఏం కుట్టిస్తన్నావు? నువ్వు చెప్పిందే ఖాయం," అంది. చేతుల్లేవేంటని ఒక పెద్దావిడ గొణిగితే, "నీకు ఉక్కపోస్తే పైట తీసి విసురుకుంటావు గదా. పసిది ఏం చేసిద్ది?" అని కసిరింది.

నాకు పదమూడేళ్లు వచ్చేసరికి కంట్రోలు బాధ కొంత తగ్గి గుడ్డ దొరుకుతోంది. సెలవుల్లో నేను అత్త దగ్గర కుట్టు నేర్చుకుంటున్నాను. ఒకరోజు వెల్దుర్తి దారిలో మేం నడుస్తుంటే తండానుంచి ఒక సుగాలీ తల్లి చంటిదాన్ని చంకనేసుకుని ఎదురొచ్చింది. ఆమె లంగా, రవిక నిండా అద్దాలు, గవ్వలు, రంగురంగుల కుట్లు. చంటిదానికీ అలాంటిదే తొడిగింది. పిల్ల మెడంతా పొక్కిపోయి, గుక్కపట్టి ఏడుస్తోంది.

"గౌన్ల అమ్మవు నువ్వే కదా? దీనికి చల్లగా కావాలి. మా గుడ్డలాగే కూడా ఉండాలి," అంది ఆ తల్లి.

అత్త ఆ తల్లి రవిక మీది కుట్టును దగ్గరగా చూస్తూ నిలబడిపోయింది. అద్దం చుట్టూ దారం ఎలా తిరిగిందో వేలితో తడిమి చూసింది. "అబ్బ, ఎంత పనితనమే తల్లీ! ఇన్నేళ్లలో ఇట్టాంటి కుట్టు నా చేతికి రాలేదు. నాకు నేర్పు. నీ బిడ్డకి గౌను నేను కుడతా."

దారి పక్క వేపచెట్టు కింద ముగ్గురం కూర్చున్నాం. మూటలోంచి లేత నీలం మల్లు ముక్క తీసి అత్త గౌను కత్తిరించింది. పై భాగమంతా ఖాళీగా ఉంచి, అద్దాలు కింది అంచుకే పెట్టమంది. ఒంటికి తగలకుండా లోపల మెత్తటి పట్టీ వేసింది. సుగాలీ తల్లి తన నడుం సంచిలోంచి అద్దాలు తీసి, మొదటిది కుట్టి చూపించింది. రెండోది అత్త కుట్టింది. వంకరగా వచ్చింది. ఆ తల్లి నవ్వి, దారం విప్పి, అత్త వేళ్లు పట్టుకుని మళ్లీ కుట్టించింది. యాభై ఏళ్లకి దగ్గరపడుతున్న మనిషి పలక పట్టుకున్న పిల్లలా తల వంచుకుని నేర్చుకుంది.

గౌను పూర్తయ్యాక చంటిదానికి తొడిగితే కింది అద్దాలను చేత్తో పట్టుకుని చూసుకుంటూ కాసేపు ఆడింది. తర్వాత తల్లి ఒళ్లో నిద్రపోయింది. పిల్లను లేపడం ఇష్టం లేక ఆమె కదల్లేదు. అత్త కూడా లేవలేదు. మిగిలిన నీలం ముక్క ఒళ్లో పరుచుకుని, "ఈసారి పువ్వు ఎట్టా కుట్టాలో చూపించమ్మా," అంది.